మాలేలో పెట్టిన సంతకం

2024 నవంబరులో లాహోర్‌లో వాయు నాణ్యత సూచీ 1000 దాటింది. 300 దాటితేనే అత్యంత ప్రమాదకరమని చెప్పే కొలబద్ద అది. పాకిస్తాన్ పంజాబ్ ప్రభుత్వం బడులు మూసివేసింది, పార్కులు మూసివేసింది. అంతకు కొద్ది రోజుల ముందే లాహోర్‌లో జరిగిన దీపావళి వేడుకలో అక్కడి ముఖ్యమంత్రి మరియం నవాజ్ మాట్లాడుతూ, ఈ పొగ విషయమై భారత పంజాబ్ ముఖ్యమంత్రికి లేఖ రాసే ఆలోచనలో ఉన్నానని చెప్పారు. ఇటువైపు నుంచి భగవంత్ మాన్ చమత్కారంతో సరిపెట్టారు. మా పొగ ఢిల్లీకి వస్తోందని ఢిల్లీవాళ్లంటారు, లాహోర్‌కు వస్తోందని లాహోర్‌వాళ్లంటారు, ఇంతకూ మా పొగ గుండ్రంగా తిరుగుతోందా అన్నది ఆయన ప్రశ్న. వింటున్నవాళ్లు నవ్వుకున్నారు. ‘పొగ దౌత్యం’ అక్కడితో ఆగిపోయింది.

మాన్ వేళాకోళానికి అన్నా అందులో సగం నిజముంది. పొగ తిరుగుతుంది. ఉత్తరాన హిమాలయాలు అడ్డుగోడగా నిలిచిన గంగా-సింధు మైదానంలో శీతకాలపు గాలి ప్రధానంగా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వీస్తుంది. లాహోర్ నుంచి అమృత్‌సర్, అక్కడి నుంచి ఢిల్లీ, లక్నో, పాట్నా, చివరకు ఢాకా. కొన్ని రోజులు గాలి దిశ మారి తూర్పు నుంచి పడమరకు వీచినప్పుడు మన పొలాల పొగ లాహోర్ చేరుతుంది. నదికి పరీవాహక ప్రాంతం ఉన్నట్లే గాలికీ ఒక క్షేత్రం ఉంటుంది. ప్రపంచ బ్యాంకు 2023లో వెలువరించిన నివేదిక దక్షిణాసియాలో అలాంటి ప్రధాన వాయుక్షేత్రాలు ఆరింటిని గుర్తించింది. ఆ గాలి వీచే దిశను బట్టి భారత పంజాబ్‌లోని కాలుష్యంలో సుమారు 30 శాతం పాకిస్తాన్ పంజాబ్ నుంచి వస్తోందని, ఢాకా, చట్టోగ్రామ్, ఖుల్నా నగరాల కాలుష్యంలోనూ సగటున 30 శాతం భారత్ నుంచే వెళుతోందని ఆ నివేదిక లెక్కగట్టింది. దక్షిణాసియాలో గాలి కాలుష్యం వల్ల యేటా దాదాపు 20 లక్షల మంది అకాల మరణం పాలవుతున్నారన్నదీ అదే నివేదిక అంచనా. (మన పార్లమెంటులో ఈ లెక్క చెల్లదు. కాలుష్యానికీ మరణాలకూ నేరుగా సంబంధాన్ని నిర్ధారించే నిశ్చయాత్మక సమాచారం లేదని కేంద్ర మంత్రులు ఉభయ సభల్లో ఎన్నోసార్లు చెప్పి ఉన్నారు.)

ఈ 30 శాతం లెక్కల్లో మనకు అనుకూలమైన సగాన్ని మాత్రమే చదవడం మనకు అలవాటు. పాకిస్తాన్ నుంచి వచ్చే పొగ మనకు కనిపిస్తుంది, బంగ్లాదేశ్‌కు మనం పంపే పొగ కనిపించదు. కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్ నాటి నుంచి నడుస్తున్న పేచీలను చూస్తూ పెరిగిన తెలుగు పాఠకులకు ఈ మనస్తత్వం కొత్తది కాదు. ఎగువ రాష్ట్రం ముందు దిగువ రాష్ట్రంగా నిలబడి న్యాయం కోరినవారే, తమ దిగువన ఉన్నవారి దగ్గరకు వచ్చేసరికి చట్టంలోని ఖాళీలు వెతుకుతారు. బ్రహ్మపుత్ర విషయంలో చైనాకు దిగువన, గంగ విషయంలో బంగ్లాదేశ్‌కు ఎగువన ఉన్న భారతదేశం గాలి విషయంలోనూ సరిగ్గా అదే నడిమి స్థానంలో ఉంది. మన పర్యావరణ దౌత్యమంతా ఈ నడిమి స్థానాన్ని మరచిపోయి సాగుతోందన్నదే నా ఫిర్యాదు.

ఈ ఫిర్యాదుకు ఆధారమైన పత్రమొకటి ఉంది. 1998 ఏప్రిల్‌లో మాల్దీవుల రాజధాని మాలేలో ఎనిమిది దేశాలు ఒక ప్రకటనను ఆమోదించాయి. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్, శ్రీలంక, మాల్దీవులు, ఇరాన్. వాయు కాలుష్యాన్ని, సరిహద్దులు దాటే దాని ప్రభావాలను అరికట్టడానికి కలిసి పనిచేస్తామన్నది ఆ ప్రకటన సారాంశం. కొలంబో కేంద్రంగా 1982 నుంచి పనిచేస్తున్న దక్షిణాసియా సహకార పర్యావరణ కార్యక్రమం, అంటే సాసెప్, దీనికి వేదిక. ఒకే పద్ధతిలో కాలుష్యాన్ని కొలవాలి, ఎక్కడ పుట్టి ఎక్కడికి చేరుతోందో తేల్చాలి, సమాచారం ఇచ్చిపుచ్చుకోవాలి, ప్రతి దేశం కార్యాచరణ ప్రణాళిక రాసుకోవాలి అన్నారు. వాజపేయి ప్రభుత్వం ఏర్పడి అప్పటికి నెల రోజులు దాటింది. మరుసటి నెలలో పోఖ్రాన్‌లోనూ చాగై కొండల్లోనూ అణు పరీక్షలు జరిగాయి. అంతటి ఉద్రిక్తత నడుమ పుట్టిన ఆ ప్రకటన కింద కొంత పని నిజంగానే జరిగింది. కొలత కేంద్రాలు పెట్టారు, శిక్షణలు ఇచ్చారు. దానికి డబ్బు ఎవరిచ్చారనుకున్నారు? స్వీడన్ అభివృద్ధి సంస్థ. పక్కపక్కనే ఉన్న ఇరుగుపొరుగు తమ గాలి గురించి మాట్లాడుకోవడానికి ఎక్కడో ఉత్తర ఐరోపా పన్ను చెల్లింపుదారు ఖర్చు భరించాడు. ఆ ఆసరా తగ్గాక పనీ సన్నగిల్లింది. 2010లో థింపూ సార్క్ శిఖరాగ్ర సదస్సులో పర్యావరణ సహకార ఒడంబడిక మీద మళ్లీ సంతకాలు జరిగాయి, 2013లో అది అమల్లోకి కూడా వచ్చింది. 2014 నవంబరు తరవాత సార్క్ శిఖరాగ్ర సదస్సే జరగలేదు కనుక ఆ ఒడంబడిక సంగతి వేరే చెప్పనక్కరలేదు.

భారతదేశానికి అంతర్జాతీయ పర్యావరణ సహకారం చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఈ రంగంలో మన దేశం సాధించిన ఘన విజయం ఒకటుంది. దాన్ని మనమే మరచిపోయాం.

ఫ్రిజ్‌లలో, ఏసీలలో, స్ప్రే డబ్బాలలో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరను తినేస్తాయని మోలినా, రోలాండ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు 1974లో చెప్పారు. 1985లో బ్రిటిష్ పరిశోధకులు అంటార్కిటికా మీద ఓజోన్ ఎంతగా పలచబడిందో లోకానికి చూపించారు. 1987 సెప్టెంబరులో మాంట్రియల్ ప్రొటోకాల్ కుదిరింది. భారత్, చైనా అందులో చేరలేదు. కారణం సూటిగా ఉంది. ఆ రసాయనాలను దశాబ్దాలపాటు వాడుకున్నది ధనిక దేశాలు. మన దేశంలో అప్పటికి ఫ్రిజ్ ఉన్న ఇల్లే అరుదు. ప్రత్యామ్నాయ రసాయనాల పేటెంట్లు పాశ్చాత్య కంపెనీల చేతిలో ఉన్నాయి. మీరు పాడుచేసినదాన్ని బాగుచేయడానికి మీ కంపెనీల దగ్గరే సరుకు కొనమంటారా అన్నది మన వాదన. వి.పి. సింగ్ మంత్రివర్గంలో పర్యావరణ సహాయ మంత్రిగా ఉన్న మేనకా గాంధీ 1990 జూన్‌లో లండన్ సమావేశానికి వెళ్లి ఈ వాదనను గట్టిగా వినిపించారు. ఆ సమావేశం నుంచే బహుళపక్ష నిధి పుట్టింది. మొదటి మూడేళ్లకు 16 కోట్ల డాలర్లు, భారత్, చైనాలు చేరితే మరో 8 కోట్లు కలుపుతామన్నారు. నిధిని నడిపే కార్యనిర్వాహక సంఘంలో ధనిక దేశాలకు ఏడు స్థానాలు, వర్ధమాన దేశాలకు ఏడు. డబ్బిచ్చేవాడి మాటే చెల్లే ప్రపంచ బ్యాంకు పద్ధతికి ఇది పూర్తిగా భిన్నం. భారత్ 1992లో చేరింది, 2008లో క్లోరోఫ్లోరోకార్బన్ల ఉత్పత్తిని ఆపింది. 2023 జనవరిలో ఐక్యరాజ్య సమితి నిపుణులు ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో అత్యధిక భాగం మీద ఓజోన్ పొర 2040 నాటికి, అంటార్కిటికా మీద 2066 నాటికి 1980 స్థాయికి చేరుకుంటుంది. ప్రపంచ దేశాలన్నీ సంతకం చేసిన ఒప్పందాలు అరుదు. ఇది వాటిలో ఒకటి.

ఆ ఒప్పందంలో మూడు ఏర్పాట్లు కలిసి పనిచేశాయి. ముందు చేసినవాడు ముందు తగ్గించుకోవాలి, తరవాతివాడికి గడువు ఎక్కువ. మార్పుకయ్యే అదనపు ఖర్చును ఉన్నవాడు భరించాలి. చేరనివాడితో ఆ సరుకు వ్యాపారం చేయకూడదు. వాతావరణ మార్పుల విషయంలో ఇలాంటి గట్టి ఏర్పాటు ఏనాడూ కుదరలేదు. 2009లో కోపెన్‌హేగన్‌లో ధనిక దేశాలు 2020 నాటికి యేటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. ఆ మొత్తం 2022లో గాని పూర్తికాలేదని వారి సొంత సంఘమైన ఓఈసీడీయే లెక్క చెప్పింది. అందులోనూ అప్పులే ఎక్కువ. 2024 నవంబరులో బాకూలో వర్ధమాన దేశాలు 1.3 లక్షల కోట్ల డాలర్లు కావాలంటే, 2035 నాటికి యేటా 30 వేల కోట్లు సమకూర్చే బాధ్యత మాత్రం తీసుకుంటామని తేల్చి అధ్యక్షుడు సుత్తి కొట్టేశాడు. సుత్తి పడిన తరవాత మాట్లాడే అవకాశం దక్కిన మన ప్రతినిధి చాందినీ రైనా ఆ పత్రాన్ని దృష్టిభ్రమగా కొట్టిపారేశారు. ఆమె అన్నది ముమ్మాటికీ నిజం. తలసరి ఉద్గారాల్లో ప్రపంచ సగటులో సగానికైనా చేరని దేశాన్ని, రెండుసార్లు పారిస్ ఒప్పందం నుంచి తప్పుకున్న అమెరికాను ఒకే గాటన కట్టడం అన్యాయం.

ఇప్పుడు ఇదే వాదనను ఢాకాలో కూర్చుని వినండి. దక్షిణాసియా ఆర్థిక వ్యవస్థలో ముప్పాతిక వంతుకు మించి ఒక్క భారతదేశానిదే. బొగ్గు విద్యుత్తు వాడకంలో పొరుగువారెవరూ మన దరిదాపుల్లో లేరు. గాలివాలున ఉన్న బంగ్లాదేశ్ పౌరుడి తలసరి ఉద్గారం మన పౌరుడి కన్నా తక్కువ. ఎవరు ఎక్కువ చేశారో వారు ఎక్కువ మోయాలి, ఉన్నవాడు ముందు కదలాలి, లేనివాడికి చేయూతనివ్వాలి అని లండన్‌లో, రియోలో, బాకూలో మనం వినిపించిన సూత్రాలను ఢాకా పౌరుడు అక్షరం మార్చకుండా మనకు అప్పజెప్పవచ్చు. మన దగ్గర ఉన్న జవాబేమిటి? నాకు తెలిసినంతలో, అమెరికా మనకు చెప్పే జవాబే. మా అభివృద్ధి మాకు ముఖ్యం, మా చట్టాలు మా ఇష్టం, మీ కాలుష్యంలో మీ వాటా సంగతి ముందు చూసుకోండి.

ఇది ఊహ కాదనడానికి ఒక ఉదాహరణ. బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగగొట్టాల నుంచి వెలువడే గంధక డయాక్సైడ్‌ను తగ్గించాలని కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో పరిమితులు విధించింది. అందుకు పొగ నుంచి గంధకాన్ని తొలగించే ఎఫ్‌జీడీ యంత్రాలు అమర్చాలి. రెండేళ్లలో పూర్తి కావాల్సిన పనికి గడువు మీద గడువు పెంచుకుంటూ వచ్చి, చివరకు 2025 జూలైలో దేశంలోని యూనిట్లలో దాదాపు 78 శాతాన్ని ఆ నిబంధన నుంచే తప్పించారు. మన బొగ్గులో గంధకం తక్కువ, గాలిలో గంధక డయాక్సైడ్ ఎక్కడా పరిమితి దాటడం లేదు, యంత్రాలకు ఖర్చూ ఎక్కువే, వాటికోసం సున్నపురాయి తవ్వి తరలిస్తే మరింత ఉద్గారం అన్నది ప్రభుత్వ సమర్థన. ఇందులో కొన్ని అంశాలను చర్చించవచ్చు, అసలు చర్చించే యోగ్యత లేనిదని నేననను. అయితే ఆ వాయువు గాలిలో కలిశాక వందల కిలోమీటర్లు ప్రయాణిస్తూ సల్ఫేట్ రేణువులుగా మారుతుంది. పొగగొట్టం దగ్గర గాలిని కొలిచి పరిమితి లోపే ఉందని చెప్పడం, అది చివరకు చేరే చోటు గురించి ఏమీ చెప్పదు. ప్రపంచంలో అత్యధికంగా ఈ వాయువును వెలువరిస్తున్న దేశం మనదే. అలాంటి దేశం ఇంత పెద్ద సడలింపు ఇచ్చేటప్పుడు గాలివాలున ఉన్న పొరుగు దేశానికి ఒక ముక్క చెప్పాలన్న నిబంధన గాని, చెప్పడానికొక వేదిక గాని, ఎందుకు చెప్పలేదని అడిగే హక్కు గాని ఎక్కడా లేదు. మన పత్రికల్లో వచ్చిన చర్చంతా యూనిట్‌కు ఎన్ని పైసల భారం తగ్గుతుందన్న దాని చుట్టూ తిరిగింది. ఢాకా పేరు ఎత్తినవారు నాకు కనబడలేదు.

ఐరోపాలో ఇదే గంధకంతోనే కథ మొదలైంది. స్వీడన్, నార్వే సరస్సుల్లో చేపలు చచ్చిపోతున్నాయని, అందుకు బ్రిటన్, జర్మనీల పొగగొట్టాలే కారణమని 1960ల చివర్లో స్వీడన్ శాస్త్రవేత్తలు చెప్పినప్పుడు బ్రిటన్ ఎగతాళి చేసింది, పశ్చిమ జర్మనీ నమ్మలేదు. అయినా 1979 నవంబరులో జెనీవాలో ముప్ఫైకి పైగా దేశాలు దూర ప్రయాణ వాయు కాలుష్య ఒడంబడిక మీద సంతకం చేశాయి. అందులో అమెరికా ఉంది, సోవియట్ యూనియన్ ఉంది, వారి వారి కూటముల దేశాలున్నాయి. మరుసటి నెలలో సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లోకి ప్రవేశించాయి. ఒలింపిక్స్‌ను బహిష్కరించారు, క్షిపణులు మోహరించారు, కానీ ఆ ఒడంబడిక నిలబడింది. ఎందుకు నిలబడిందంటే, అది ఎవరినీ దోషిగా నిలబెట్టే పనితో మొదలుకాలేదు. గాలిని కొలిచే పనితో మొదలైంది. ఒకే పద్ధతిలో పనిచేసే కొలత కేంద్రాలు, వాటి సమాచారాన్ని క్రోడీకరించే ఉమ్మడి కేంద్రాలు, ఆ ఖర్చును ఐక్యరాజ్య సమితి చందాల నిష్పత్తిలో పంచుకోవడానికి 1984లో ఒక ప్రత్యేక ప్రొటోకాల్. అంకెలు అందరి బల్లల మీదికీ వచ్చాక వాదించడానికి మిగిలింది తక్కువ. ఈలోగా జర్మనీ తన అడవులే ఎండిపోవడం చూసి ఉలిక్కిపడి పక్షం మార్చింది. 1985లో హెల్సింకిలో గంధక ఉద్గారాలను 30 శాతం తగ్గించాలని ఒప్పుకున్నారు. బ్రిటన్, అమెరికా అప్పుడు సంతకం చేయలేదు, చేసినవారు ఆగలేదు. ఐరోపాలో ఆనాటితో పోలిస్తే నేడు గంధక ఉద్గారాలు ఐదింట నాలుగు వంతులకు పైగా తగ్గాయి.

మాలే ప్రకటన ఈ ఒడంబడికనే నమూనాగా తీసుకుంది. కొలవడం అనే మొదటి మెట్టు దగ్గరే మనం ఆగిపోయాం.

ఇక్కడ పాఠకుల్లో చాలామంది పాకిస్తాన్ సంగతేమిటని అడుగుతారని నాకు తెలుసు. అడగవలసిన ప్రశ్నే. పహల్గామ్‌లో పర్యాటకులను కాల్చి చంపిన తరవాత, 1960 నాటి సింధు జలాల ఒప్పందాన్ని 2025 ఏప్రిల్‌లో పక్కన పెట్టిన తరవాత, ఆపరేషన్ సిందూర్ తరవాత, గాలి గురించి ఇస్లామాబాద్‌తో మాట్లాడమనడం అమాయకత్వంగా కనిపించవచ్చు. దేశ ప్రజల్లో ఉన్న ఆగ్రహాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఈ రెండు ప్రభుత్వాలకూ ఒకరితో ఒకరు ఏ పనీ పెట్టుకోకుండా ఉండటం సాధ్యం కాదని వాటి ప్రవర్తనే చెబుతోంది. 1988 డిసెంబరు 31న, రాజీవ్ గాంధీ, బేనజీర్ భుట్టోల హయాంలో కుదిరిన ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ తమ అణు స్థావరాల జాబితాలను యేటా జనవరి 1న ఇచ్చిపుచ్చుకుంటాయి. 1992లో మొదలైన ఆ ఆనవాయితీ కార్గిల్ యుద్ధమప్పుడూ, ముంబయి దాడుల తరవాతా తప్పలేదు. సింధు ఒప్పందాన్ని పక్కన పెట్టిన నాలుగు నెలలకు, 2025 ఆగస్టులో, తవీ నదికి వరద పోటెత్తుతోందని మన హైకమిషన్ పాకిస్తాన్‌కు ముందస్తు హెచ్చరిక పంపింది. ఒప్పందం ప్రకారం కాదు, మానవతా దృష్టితోనని వివరణ ఇచ్చారు. పేరేదైనా సమాచారం వెళ్లింది. వెళ్లడం సబబే. నీటి మట్టం గురించి చెప్పగలిగినప్పుడు గాలిలో ధూళి గురించి చెప్పడానికి అభ్యంతరమేమిటి? అందులో సైనిక రహస్యమేదీ లేదు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొలతలు ఇప్పటికే ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు.

పైగా మన చట్టం ఈ సూత్రాన్ని ఇదివరకే ఒప్పుకుంది. ఢిల్లీ గాలిని ఢిల్లీ ఒక్కటే బాగుచేసుకోలేదని గుర్తించి, 2020లో ఆర్డినెన్సు, 2021లో చట్టం ద్వారా పార్లమెంటు ఒక వాయు నాణ్యత నిర్వహణ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. పంజాబ్, హరియాణా, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలోని ప్రాంతాలు దాని పరిధిలోకి వస్తాయి. రాష్ట్రాల సరిహద్దులు పొగను ఆపవని చట్టమే రాసుకున్నాక, వాఘా దగ్గరకు వచ్చేసరికి ఆ భౌతిక శాస్త్రం పనిచేయడం మానేస్తుందా?

ప్రభుత్వాలు కదలకపోయినా పనివాళ్లు కదిలిన సందర్భమొకటి చెబుతాను. గంగా-సింధు మైదానమంతటా శీతకాలపు పొగలో ఇటుక బట్టీలది పెద్ద వాటా. పచ్చి ఇటుకలను వరుసగా కాకుండా వంకరటింకర దారిలో వేడి పోయేలా పేర్చే జిగ్‌జాగ్ పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1970లలోనే మన దేశంలో ప్రవేశపెట్టింది. బొగ్గు తక్కువ పడుతుంది, మసి తగ్గుతుంది, ఇటుక బాగా కాలుతుంది. 2015 భూకంపంలో నేపాల్ బట్టీలు కూలిపోయినప్పుడు, కాఠ్మాండూలోని ఇసిమోడ్ అనే పర్వత ప్రాంత పరిశోధన కేంద్రం తోడ్పాటుతో వాటిలో చాలావాటిని ఈ పద్ధతిలోనే తిరిగి కట్టారు. ఆ కేంద్రం చొరవతో పాకిస్తాన్ బట్టీల యజమానులకూ అందులో శిక్షణ దొరికింది, కొన్నేళ్లకు పాకిస్తాన్ పంజాబ్ ప్రభుత్వం జిగ్‌జాగ్‌కు మారడాన్ని తప్పనిసరి చేసింది. మన దేశవ్యాప్త నిబంధన 2022లో వచ్చింది. రూర్కీ ప్రవేశపెట్టిన విద్య లాహోర్‌కు కాఠ్మాండూ మీదుగా చేరవలసి వచ్చింది. నేరుగా వెళ్లి ఉంటే ఎన్నేళ్లు కలిసొచ్చేవో ఎవరు చెప్పగలరు? రెండు పంజాబుల్లోనూ అదే వరి, అదే గోధుమ, ఆ రెంటి నడుమ అదే ఇరుకు వ్యవధి, అవే కొయ్యకాళ్లు. వాటిని తగలబెట్టకుండానే గోధుమ విత్తే హ్యాపీ సీడర్ యంత్రం లూధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, ఆస్ట్రేలియా సహకారంతో రూపొందింది. ఆస్ట్రేలియాతో కలిసి పనిచేయగలిగాం.

అంతర్జాతీయ న్యాయం వైపు నుంచీ కాలం మనకు అనుకూలంగా లేదు. కెనడాలోని ట్రెయిల్ అనే ఊళ్లో లోహాలు కరిగించే కర్మాగారం పొగ వల్ల సరిహద్దు ఇవతల అమెరికా రైతుల పంటలు పాడైతే, తన భూభాగాన్ని పొరుగువారికి హాని చేసేలా వాడనిచ్చే హక్కు ఏ దేశానికీ లేదని 1941లోనే మధ్యవర్తులు తీర్పు చెప్పారు. 2024 డిసెంబరులో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో, ఉన్న వాతావరణ ఒప్పందాలకు మించి కొత్త బాధ్యతలు సృష్టించవద్దని భారత్ వాదించింది. 2025 జూలై 23న ఇచ్చిన సలహాపూర్వక అభిప్రాయంలో కోర్టు ఆ దారిన వెళ్లలేదు. పర్యావరణానికి గణనీయమైన హాని జరగకుండా చూసుకోవడం, అందుకు పరస్పరం సహకరించుకోవడం సంప్రదాయ అంతర్జాతీయ న్యాయం ప్రకారమే ప్రతి దేశానికీ విధి అని చెప్పింది. వనువాటు అనే చిన్న ద్వీప దేశం పట్టుదలతో సాధించిన అభిప్రాయమిది. రేపు దీన్ని మన మీద ప్రయోగించేది వాషింగ్టన్ కాదు. మాలే కావచ్చు, ఢాకా కావచ్చు.

ఇంతకీ భారత్ చేయగలిగిందేమిటి? చిన్నదానితో మొదలుపెడతాను. చాలాకాలంగా ఢాకా, కాఠ్మాండూ, లాహోర్ వంటి నగరాల్లో గాలి ఎలా ఉందో తెలుసుకోవడానికి నలుగురూ నమ్మిన కొలత అమెరికా రాయబార, కాన్సులేట్ భవనాల మీది యంత్రాలది. 2025 మార్చిలో అమెరికా విదేశాంగ శాఖ డబ్బు లేదంటూ ఆ సమాచారాన్ని పంచుకోవడం ఆపేసింది. స్వీడన్ డబ్బు, ఆ తరవాత అమెరికా యంత్రాలు. ఆ ఖాళీ పూరించడం మనకు భారమైన పని కాదు. 2014 కాఠ్మాండూ సార్క్ సదస్సులో ప్రధాని మోదీ పొరుగు దేశాలకు ఒక ఉపగ్రహాన్ని కానుకగా ఇస్తామన్నారు. పాకిస్తాన్ వద్దంది. మిగతావారితోనే ముందుకు వెళ్లి 2017 మే 5న శ్రీహరికోట నుంచి దక్షిణాసియా ఉపగ్రహాన్ని మన సొంత ఖర్చుతో ప్రయోగించాం. ఢిల్లీలోని దక్షిణాసియా విశ్వవిద్యాలయ నిర్మాణ ఖర్చూ మనమే భరించాం. అదే తీరున తూర్పు వాయుక్షేత్రంలో, అంటే మన బిహార్, బెంగాల్‌లు, వాటిని ఆనుకున్న నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్‌లలో, ఒకే పద్ధతిలో పనిచేసే కొలత కేంద్రాల వరుసను మన ఖర్చుతో నెలకొల్పి సమాచారాన్ని అందరికీ తెరిచిపెట్టవచ్చు. ఇందులో పాకిస్తాన్ ప్రసక్తే లేదు కనుక ఆ సాకూ ఉండదు. 2024 ఆగస్టు తరవాత ఢాకాతో మన సంబంధాలు ఎలా తయారయ్యాయో తెలిసిందే. గంగా జలాల మీద 1996లో దేవెగౌడ, షేక్ హసీనా చేసుకున్న ఒప్పందానికి 2026 డిసెంబరుతో ముప్ఫయ్యేళ్ల గడువు తీరుతుంది. ఆ బల్ల దగ్గర ఫరక్కా క్యూసెక్కుల పక్కన గాలినీ చేర్చితే మనకు పోయేదేమీ లేదు, రావలసిన సుహృద్భావం చాలా ఉంది.

రెండోది కాస్త కష్టమైనది. లండన్‌లో మనం సాధించిన నిధి వంటిదాన్నే దక్షిణాసియాకు మనం ప్రతిపాదించాలి. చందాలో పెద్ద వాటా మనది, నిర్ణయాల్లో చిన్న దేశాలకు సమాన స్థానాలు. 1990లో మనం కోరింది సరిగ్గా అదే. డబ్బు ఇచ్చి ఓటు సమానంగా పంచుకోవడం పెద్ద దేశాలకు రుచించదని ఆ రోజు మనమే అన్నాం. ఇప్పుడు పెద్ద దేశం స్థానంలో మనమున్నాం. ఇక ఎఫ్‌జీడీ వంటి సడలింపుల ముందు పొరుగువారికి తెలియజేసే నియమం గురించి నాకు పెద్ద ఆశలు లేవు. దాన్ని ఏ ప్రభుత్వమూ, ఏ పార్టీ ప్రభుత్వమూ తనంతట తాను ఒప్పుకోదు. అది కొలతలు పేరుకున్న తరవాత, ఐరోపాలోలాగా, ఒత్తిడి మీద వచ్చేదే.

2022 డిసెంబరులో ఈ ప్రాంత దేశాల అధికారులు కాఠ్మాండూలో కలుసుకుని ఒక మార్గసూచి రాసుకున్నారు. 2035 నాటికి సూక్ష్మ ధూళి వార్షిక సగటును ఘనపు మీటరుకు 35 మైక్రోగ్రాముల లోపుకు తేవాలన్నది లక్ష్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5. మన జాతీయ ప్రమాణం 40. లక్ష్యం గొప్పదేమీ కాదు, అయినా దాని వెనుక మంత్రుల సంతకం లేదు, డబ్బు లేదు. మంత్రుల సంతకం ఉన్న పత్రం ఒకటి కొలంబోలోని సాసెప్ కార్యాలయంలో 1998 నుంచి ఉంది. ఆ సంస్థ పాలకమండలిని ఢిల్లీలో సమావేశపరుస్తామని కేంద్ర పర్యావరణ శాఖ ఒక లేఖ రాస్తే ఆ పత్రాన్ని మళ్లీ తెరవవచ్చు. ఉత్తరాదిన ప్రధానమైన వరి కోతలు అక్టోబరులో ఊపందుకుంటాయి. లేఖ అంతకుముందే వెళితే మంచిది.